వల కన్ను, నీటి మట్టం

కృష్ణా జలాశయాల్లో సాధారణంగా జులై, ఆగస్టు నెలల్లో చేపల వేట నిషేధం. కార్తెల లెక్కలో చెప్పాలంటే దాదాపు పునర్వసు మొదలు మఖ ముగిసేదాకా. సముద్రం లెక్క వేరు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలు ఒడ్డునే ఉండాలి. అక్కడ వేట మొదలైన రెండు వారాలకు ఇక్కడ ఆగుతుంది. గుడ్లు పెట్టే వేళ చేప జోలికి పోవద్దన్నదే రెండుచోట్లా ఉద్దేశం. కాని జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్‌లలో ఆ రెండు నెలలూ నీళ్ళలో ఏం జరుగుతుందో చూస్తే, వచ్చే ఏడాది చేపల్ని నిర్ణయించేది క్యాలెండరు ఒక్కటే కాదని తెలుస్తుంది. నా మట్టుకు నాకు వల కన్ను, అంటే వల దారాల మధ్య సందు, అంతకంటే పెద్ద సంగతి. ఎందుకో చెప్పాలంటే ముందు చేప కాన్పు సంగతి చెప్పాలి.

బొచ్చె, రోహు, మృగాల. మన జలాశయాల్లో వదిలే పిల్లల్లో ఎక్కువ భాగం ఈ మూడే. మూడూ గంగా మైదానపు వరదలకు అలవాటుపడ్డ జాతులు. నిలవ నీళ్ళలో ఇవి గుడ్డు పెట్టవు. చెరువులో ఎంత బలిసినా, కడుపునిండా గుడ్లున్నా, పారే కొత్తనీరు ఒంటికి తగలకపోతే ఆ గుడ్లు లోపలే కరిగి ఒంట్లో కలిసిపోతాయి. తొలకరి తర్వాత వాగు ఎర్రగా పొంగి, గట్టు దాటి గడ్డిమీద పరుచుకుంటే వీటికి పురుడొచ్చినట్టే. ప్రవాహానికి ఎదురెక్కి, మోకాటి లోతు నీళ్ళు వెతుక్కుని, ఆడా మగా గుంపులుగా పొర్లుతూ గుడ్లు విడుస్తాయి. ఊరి చెరువు అలుగు దుంకిన రోజున పిల్లలు, పెద్దలు దోమతెరలు, పాత చీరలు పట్టుకుని అలుగు కిందికి పరుగెత్తేది ఈ ఎదురెక్కే చేపల కోసమే.

కాన్పుకు వచ్చిన చేపను చేత్తో పట్టి చూస్తే తెలిసిపోతుంది. మగచేప ముందు రెక్క లోపలి వైపు వేలితో రాస్తే గరుకు తగులుతుంది, ఆడదానిది నున్నగా ఉంటుంది. మగచేప పొట్ట కింద మెల్లగా ఒత్తితే చిక్కటి తెల్లని ద్రవం వస్తుంది. ఆడచేప పొట్ట రెండు పక్కలా ఉబ్బి మెత్తగా ఉంటుంది, మలద్వారం దగ్గర ఎర్రబడుతుంది. కిలో బరువున్న ఆడచేపలో లక్షకు పైగా గుడ్లుంటాయి. విడిచిన గుడ్డు నీరు పీల్చి ఉబ్బుతుంది. దేనికీ అంటుకోదు, పారే నీటితోపాటు దొర్లుతూ పోతుంది. నీరు 27, 28 డిగ్రీల వేడిమిలో ఉంటే 15 నుంచి 18 గంటల్లో పిల్ల బయటికొస్తుంది. ఆ గంటల్లో గుడ్డు లోతైన నిలవనీటిలోకి చేరిందా, అడుక్కి దిగి ఒండ్రు కింద ఊపిరాడక చస్తుంది.

ఇప్పుడు సాగర్‌ని చూడండి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. రాతికట్టడం, 26 గేట్లు, ఎత్తు 124 మీటర్లు. ఎంత బలమున్న చేపైనా కింది నుంచి పైకి ఎక్కలేదు, ఎక్కడానికి మెట్లదారీ లేదు. జలాశయంలో ఉన్న చేప ఎదురెక్కి పోయిందే అనుకుందాం. నల్లమల లోయలో రెండు పక్కలా నిటారు రాతిగోడలు, ఆపైన శ్రీశైలం ఆనకట్ట. గట్టు దాటి గడ్డిమీద పరుచుకునే మైదానం అక్కడెక్కడ? డిండి లాంటి వాగులు కలిసేచోట, చందంపేట, నేరేడుగొమ్ము వైపు నీరు పలచగా చొచ్చుకొచ్చిన మూలల్లో కొంత వీలుంది. అదీ ఆ వాగులు పొంగిన ఏడు.

ఇంకో చిక్కు వానది. పాలమూరులో పడే వాన వేరు, పాలమూరు మీదుగా పారే కృష్ణ వేరు. మన మెట్టనేల బెట్టతో మొరపెడుతున్నప్పుడే ఎక్కడో మహాబలేశ్వరం కొండల్లో కుండపోత కురుస్తూ ఉండవచ్చు. ఆ నీరు ముందు ఆల్మట్టి నింపాలి, తర్వాత నారాయణపూర్, తర్వాత జూరాల. జూరాల గేట్లెత్తాక శ్రీశైలం, అది 885 అడుగులకు చేరువయ్యాక సాగర్. మంచి ఏడైతే జూరాలకు జులైలోనే వరద తగులుతుంది. సాగర్ 590 అడుగులకు చేరేసరికి ఆగస్టు దాటవచ్చు, సెప్టెంబరూ కావచ్చు, కొన్నేళ్ళు అసలు నిండదు. ఒకే నదిమీద మూడు జలాశయాలకు మూడు వానాకాలాలన్నమాట. నిషేధం మాత్రం అందరికీ ఒకే తేదీన మొదలై ఒకే తేదీన ముగుస్తుంది.

సహజంగా పుట్టే పిల్ల తక్కువ కాబట్టే పిల్లల్ని పెంచి తెచ్చి వదలాల్సి వస్తోంది. ఆ విద్యకూ జులై నెలకూ సంబంధముంది. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, చేప మెదడు కింద ఉండే పీయూష గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి, పారే నీరు లేకుండానే పెద్ద కార్పు చేపలతో గుడ్లు పెట్టించారు. అంతకుముందు చేపపిల్ల కావాలంటే చాలావరకు వరద వేళ నదుల్లో సన్న వలలు పట్టి ఏరుకోవాల్సిందే. అందులో ఏ జాతి ఎంతో దేవుడికే ఎరుక. జులై 10ని ఇప్పుడు జాతీయ మత్స్యరైతుల దినంగా జరుపుతారు. ఇవాళ ప్రతి హేచరీలో జరిగేది ఆనాటి పనే, గ్రంథి రసం బదులు తయారుచేసిన హార్మోను వాడుతున్నారు.

తెలంగాణలో ఉచిత చేపపిల్లల పంపిణీ 2016–17లో మొదలైంది. ఊరి చెరువులకు 35–40 మిల్లీమీటర్ల పిల్ల, పెద్ద జలాశయాలకు 80–100 మిల్లీమీటర్ల పిల్ల ఇవ్వాలని నియమం. ఈ తేడా ఊరికే పెట్టింది కాదు. ఎండాకాలం ఎండిపోయే చెరువులో వేటాడే చేప పెద్దగా మిగలదు, అక్కడ బొటనవేలంత పిల్లా బతుకుతుంది. సాగర్‌లోనో శ్రీశైలంలోనో వేటాడి తినే వాలుగలు ఏళ్ళ తరబడి మిగిలి ఉంటాయి. నోరు తెరిస్తే జానెడు చేప సులువుగా లోపలికి పోతుంది. అక్కడ 40 మిల్లీమీటర్ల పిల్లను వదలడమంటే వాలుగకు మేత వెయ్యడమే. అందుకే పిల్లలు దిగే రోజున మత్స్య సహకార సంఘం వాళ్ళు ఎన్ని లక్షలు వచ్చాయని అడిగేముందు స్కేలు పెట్టి పొడవు కొలవాలి. లెక్క కప్పులతో జరుగుతుంది. ఒక కప్పులో ఎన్ని పట్టాయో ఎంచి, ఎన్ని కప్పులు పోశారో గుణిస్తారు. పిల్ల చిన్నదైతే కప్పుకు ఎక్కువ పడుతుంది, కాగితం మీద సంఖ్య ఘనంగా కనిపిస్తుంది. పిల్లలు దిగే నెల కూడా ముఖ్యమే. ఆగస్టులో వదిలిన పిల్లకు వెచ్చటి నీళ్ళు, కొత్త మేత దొరుకుతాయి. కార్తీకం దాటాక వదిలిన పిల్ల చలికి మేత తగ్గించి, ఎదగకుండానే ఎండాకాలంలో పడుతుంది.

ఇక వల. జలాశయాల్లో ఎక్కువగా వాడేది నీళ్ళలో గోడలా నిలబడే వల. పైతాడుకు బెండ్లు, కిందితాడుకు బరువులు. సాయంత్రం పుట్టి మీద పోయి పరిచివస్తారు, తెల్లవారకముందే పోయి ఎత్తుతారు. దీనికి చేపను తరిమే పని లేదు. చేపే వచ్చి కంట్లో తల దూరుస్తుంది, నడుము దగ్గర ఇరుక్కుంటుంది, వెనక్కి లాక్కోబోతే దారం మొప్ప వెనక బిగుస్తుంది. కన్ను కంటే సన్నని చేప జారిపోతుంది, మరీ లావు చేప తల పట్టక తప్పుకుంటుంది. అంటే కన్ను ఎంత పెట్టామో అంత చేపే పడుతుంది. వెన్నెల రాత్రుల్లో దారం చేపకు కనబడి వేట తగ్గుతుందనీ, వరదనీరు ఎర్రగా ఉన్నప్పుడు బాగా పడుతుందనీ మత్స్యకారులు చెప్పేది, చేపే చూడకుండా వచ్చి తగలాలి కాబట్టి. పైపొరలో తిరిగే బొచ్చెకు వల పైన కట్టాలి, అడుగున మేసే మృగాలకు అడుగు తగిలేలా దించాలి. అనుభవమున్న చేతిలో ఈ వల ఒక నిక్కచ్చి పనిముట్టు.

దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి అలవి వల. కొల్లాపూర్, చిన్నంబావి వైపు శ్రీశైలం వెనక జలాల్లో దీనిమీద గొడవ లేని ఏడు అరుదు. దోమతెరంత సన్నని కన్నుతో, వందల మీటర్ల పొడవుతో ఒక మూలనంతా చుట్టేసి ఒడ్డుకు లాగుతారు. చుట్టులో పడ్డది ఏదీ మిగలదు. పడ్డది అక్కడే ఒడ్డున ఎండబెడతారు, ఎండుచేపగా బస్తాలకెక్కుతుంది. అలవి వేసేవాళ్ళ వైపు నుంచి ఒక వాదం వినిపిస్తుంది: మేం పట్టేది ఎన్నేళ్ళున్నా వేలెడు దాటని పరక చేపల్ని, వాటిని పట్టకపోతే వాలుగ తింటుంది, అంతే కదా అని. ఇది కొట్టిపారేయదగ్గ వాదం కాదు. పరక చేప నిజంగానే పెరగదు, దాన్ని పట్టినందువల్ల పెద్ద నష్టమూ లేదు. చిక్కల్లా దానితో కలిసి వచ్చేవాటితోనే. పరక మేసే గట్టువారనే బొచ్చె పిల్లా, రోహు పిల్లా మేస్తాయి. వల వేరుచేసి చూడదు.

లెక్క వేసి చూద్దాం. పది గ్రాముల బొచ్చె పిల్లలు కిలోకు వంద. ఎండబెడితే ఆ కిలో కూడా నిలవదు. ఆ వందా ఏడాదిపాటు నీళ్ళలో ఉన్నాయనుకుందాం. ఎనభై చచ్చినా, మిగిలిన ఇరవై ఒక్కోటి ముప్పావు కిలో తూగితే పదిహేను కిలోలు. అనుకూలించిన నీళ్ళలో బొచ్చె మొదటి ఏడాదిలోనే కిలో దాటుతుంది కాబట్టి ఇది ఆశపోతు లెక్క కాదు. ఇంకో సంగతి, బొచ్చె ఈడేరేది రెండో ఏడో మూడో ఏడో. మొదటి ఏడాదిలో వలలో పడ్డ చేప ఒక్కసారి కూడా గుడ్డు పెట్టకుండా పోయినట్టే. పది నెలలు చిన్నకన్ను వల తిరిగిన జలాశయంలో రెండు నెలల నిషేధం ఎవరిని కాపాడుతుంది? కాన్పుకు వచ్చే చేపలు మిగలాలి కదా.

చట్టం దగ్గర లోటు లేదు. బ్రిటిష్ ఇండియాలో 1897 నాటి మత్స్య చట్టం తోటాలు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడాన్ని నేరం చేసింది. తోటా పేలిస్తే రెండు నెలల దాకా జైలు లేదా రెండు వందల రూపాయల దాకా జరిమానా, ఆనాటికి అది పెద్ద సొమ్మే. నిజాం ఏలుబడిలో ఉన్న నల్లగొండ, మహబూబ్‌నగర్‌లకు 1357 ఫసలీ మత్స్య చట్టం వచ్చింది. ఆ ఫసలీ మన లెక్కలో 1947–48, అంటే నిజాం రాజ్యం ఆఖరి రోజులు. సాగర్ నీటికింద మునిగిన కృష్ణకు ఒక గట్టు మద్రాసుది, ఇంకో గట్టు హైదరాబాదుది. 2014 జూన్ 2 నుంచి మళ్ళీ రెండు రాష్ట్రాలు. మధ్యలో గీత నీటిమీద కనబడదు. ఈ ఒడ్డున అధికారులు దిగారని తెలిస్తే వల ఆ ఒడ్డుకు పోతుంది. పట్టుబడ్డ అలవి వలల్ని కుప్పపోసి తగలబెట్టిన వార్తలు ఏటా వస్తూనే ఉంటాయి. వల పెట్టుబడి పెట్టింది ఒడ్డున లాగే కూలీ కాదు కాబట్టి మరో వల వస్తూనే ఉంటుంది.

తోటా సంగతి ఒక్క మాట. పేలుడు ఒత్తిడికి చేప కడుపులోని గాలితిత్తి పగులుతుంది. అలా చచ్చినవాటిలో తేలేవి కొన్నే, మునిగేవి చాలా. తేలినవి ఏరుకునేవాడికి తాను ఎంత పారేశాడో కూడా కనబడదు.

ఎవరు వేటాడాలన్నదీ నియమమే. ఊరి చెరువు మత్స్య సహకార సంఘానికి గుత్తకు పోతుంది, ముదిరాజ్, బెస్త, గంగపుత్ర కుటుంబాలు సభ్యులు. సాగర్‌లాంటి పెద్ద నీళ్ళలో లైసెన్సు పద్ధతి. ఆనకట్ట కట్టిన తర్వాత ఉత్తరాంధ్ర తీరం నుంచి సముద్రపు చేతులు కొన్ని ఇక్కడికి వలస వచ్చాయి. నేరేడుగొమ్ము మండలంలో కృష్ణ ఒడ్డున ఉన్న వైజాగ్ కాలనీ ఆ వలస పేరే. ఇప్పుడు హైదరాబాద్ నుంచి ఆదివారాలు బండ్లు కట్టుకుని చేపల కూర తినడానికి వస్తున్నారు. నల్లమల వైపు గట్టు ఆమ్రాబాద్ పులుల అభయారణ్యం కిందికి వస్తుంది కనుక అక్కడ అటవీశాఖ మాట కూడా వినాలి. మొసళ్ళు ఉన్న నీళ్ళవి, పుట్టి అంచు దాటి చెయ్యి వేలాడేసేవాళ్ళు అక్కడ కనబడరు.

ఈ ఏడు చేప ఎలా ఉంటుంది? ఈ ప్రశ్నకు జవాబు చాలావరకు నీటిమట్టంలోనే ఉంది. ఎండాకాలం శ్రీశైలం తగ్గినకొద్దీ కొల్లాపూర్ వైపు ముంపు నేల బయటపడుతుంది. సోమశిలకు ఎదురుగా సంగమేశ్వరాలయం నీళ్ళలోంచి లేస్తుంది. బయటపడ్డ నేలలో పంటలు వేస్తారు, గొర్రెలు మేస్తాయి, పెంట రాలుతుంది. వరద వచ్చి ఆ నేలను మళ్ళీ ముంచగానే మోళ్ళు, గడ్డి, పెంట కుళ్ళి నీళ్ళలో సత్తువ దిగుతుంది. దాన్ని తిని సూక్ష్మజీవులు, వాటిని తిని కంటికి ఆనీ ఆనని నీటిపురుగులు, వాటిని తిని బొచ్చె పిల్లలు. ముంపు నేల ఎంత విశాలంగా ఎండి, ఎంత నిదానంగా మునిగి, ఎన్నాళ్ళు మునిగి ఉంటే పిల్లకు అంత మేత.

అయితే మరీ పెద్ద వరదా మంచిది కాదు. శ్రీశైలంలో ఇప్పుడు నిలిచేది సుమారు 215 టీఎంసీలు. మంచి వరద ఏట దాని గుండా వెయ్యి టీఎంసీలకు పైగా పోతుంది. అంటే జలాశయంలో నీళ్ళు కొన్నిసార్లు పూర్తిగా మారిపోతాయి, పుట్టిన మేతా వాటితోనే కొట్టుకుపోతుంది. గేట్లెత్తితే చేపా పోతుంది. 2009 అక్టోబర్ వరదలో శ్రీశైలం నీటిమట్టం 896 అడుగుల దాకా లేచినప్పుడు ఏ నీటి చేప ఏ నీళ్ళలో తేలిందో చెప్పగలిగినవాళ్ళు లేరు. చిన్న ప్రాజెక్టుల్లోనూ ఇదే కథ. వనపర్తి దగ్గరి సరళాసాగర్‌లో గేట్లెత్తే మనిషి అక్కర్లేదు, నిండగానే సైఫన్లు వాటంతటవే తెరుచుకుంటాయి. నిండిన ఏడు చేపకు కిందికి పోయే దారి తెరిచి ఉన్నట్టే. 2019 డిసెంబర్ 31న కట్ట తెగినప్పుడు నీళ్ళతోపాటు ఆ ఏటి చేపల పంటా పోయింది.

లోతు ఇంకో సంగతి. ఎండ పొడ తగిలే పై కొద్ది మీటర్లలోనే నీళ్ళలో మేత పుడుతుంది, కిందంతా చీకటి. అందుకే పెద్ద జలాశయం హెక్టారుకు ఇచ్చే చేప, ఊరి చెరువు ఇచ్చేదాని ముందు వెలవెలబోతుంది. వి.వి. సుగుణన్ 1995లో దేశవ్యాప్తంగా తీసిన సగటుల్లో చిన్న జలాశయాలు హెక్టారుకు ఏటా దాదాపు 50 కిలోలిస్తే, 5,000 హెక్టార్లు దాటిన పెద్దవి 11 కిలోలకు కాస్త పైన. నిండుగా ఉన్న సాగర్ విస్తీర్ణం దాదాపు 28,500 హెక్టార్లు. ఆ సగటునే దీనికి వర్తింపజేస్తే ఏడాదికి మూడు వందల పైచిలుకు టన్నులు. ఇంత నీటికి ఇది చాలా తక్కువ. మంచి పిల్ల వదిలి, కన్ను పెద్దది వాడితే పెరగడానికి బోలెడు చోటుంది. కోయిల్‌సాగర్, డిండి, మూసీ, పానగల్లు ఉదయసముద్రం లాంటి చిన్న నీళ్ళకు ఆ చోటు ఇంకా ఎక్కువ. సంఘాలు పెట్టుబడి అటువైపు తిప్పడమే తెలివైన పని అని నా అభిప్రాయం.

వేటగాడికి నిండు జలాశయం అంత సంతోషం కాదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో చేప నీళ్ళంతా చెదిరిపోయి ఉంటుంది, ఎంత వల పరిచినా పలచగా పడుతుంది. జూరాల మీద చేపల వేపుడు బండ్ల దగ్గర రద్దీ అప్పుడే, పడే చేప తక్కువా అప్పుడే. సంక్రాంతి దాటి కాలువలకు నీళ్ళు పోతున్నకొద్దీ జలాశయం కుంచించుకుపోతుంది, చేప ఒకచోటికి చేరుతుంది. మార్చి నుంచి అదే వల రెండింతలు తెస్తుంది. సాగర్ 510 అడుగుల కనీస మట్టానికీ కిందికి పోయిన 2015–16 లాంటి కరువేళ్ళలో గుంటల్లో చేప చేత్తో ఏరుకున్నట్టు దొరుకుతుంది. ఆ రోజుల్లో సంతోషపడిన సంఘం మరుసటి ఏడు ఖాళీ వలలు ఎత్తుతుంది, ఎందుకంటే పెద్దచేప మొత్తం ఆ గుంటల్లోనే పోయింది.

ఎండాకాలంలో చేప ఇలా ఒకచోటికి చేరడం సరిగ్గా మృగశిరతో ముడిపడుతుంది. జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె, ఆ రోజు చేప తినని ఇల్లు తెలంగాణలో తక్కువ. కొరమీనుకు, బొచ్చెకు ధర లేచేది అప్పుడే. కొరమీను సంగతి వేరు, అది ఎదురెక్కాల్సిన చేప కాదు. తూడు, గడ్డి మధ్య నిలవనీళ్ళలోనే గుడ్డు పెట్టి పిల్లల్ని కాచుకుంటుంది. బొచ్చె, రోహు మాత్రం ఆ వేళకు కడుపునిండా గుడ్లతో, ఏడాది మొత్తంలో అతి తక్కువ నీళ్ళలో, అతి ఎక్కువ వలల మధ్య ఉంటాయి. నిషేధం మూడు వారాల తర్వాత మొదలవుతుంది. కాన్పు చేపకు ఎక్కువ దెబ్బ తగిలేది ఆ మూడు వారాల్లోనే. నన్నడిగితే నిషేధాన్ని పొడిగించమనను, రెండు నెలలు పని లేకుండా ఉండడమే పుట్టి మీద బతికే కుటుంబానికి కష్టం. జరపమంటాను. ఒక్కో జలాశయానికి మే నెల నీటిమట్టం చూసి మొదలు, పైనుంచి వరద తగిలిన రోజు చూసి ముగింపు. మట్టం మరీ తగ్గిన ఏడు జూన్ నడిమి నుంచే వల ఎత్తమనాలి, వరద జులైలోనే తగిలిన ఏడు జూరాలకు ఆగస్టు నడుమనే దారి వదలాలి, సాగర్‌కు సెప్టెంబరు దాకా ఆపాలి. తేదీ అయితే ఒక ప్రకటనతో పోతుంది, మట్టమైతే రోజూ చూడాలన్నది దీనిమీద వచ్చే అభ్యంతరం. ఆ రోజువారీ పని ఇప్పటికే జరుగుతోంది. ప్రతి ఉదయం ఆరు గంటల మట్టం, ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో నీటిపారుదల శాఖ పట్టికలోకి ఎక్కుతున్నాయి. అందులో ఒక నకలు మత్స్యశాఖ బల్లమీదికి పోతే చాలు.